ఆఖరి ముప్పై యూనిట్లు

మే నెల కరెంటు బిల్లు వచ్చిన రోజు మా వీధిలో ఏ ఇంట్లో చూసినా ఒకటే గోల. విజయనగరంలో మా పక్క వాటాలో ఉండే వదినగారు బిల్లు కాగితం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేశారు.

"ఏటమ్మా ఇది! కిందటి నెల 220 యూనిట్లు అయితే కరెంటు ఛార్జీ అని 987 రూపాయలు వేశాడు. ఈ నెల 250 అయింది. ముప్పై యూనిట్లే కదా ఎక్కువ? చూడు, 1,235 అట! ముప్పై యూనిట్లకి రెండొందల యాభై రూపాయలా? మీటరు గానీ పాడైపోయిందేటి?"

ఆవిడ మాట పూర్తి కాకుండానే లోపలినుంచి అన్నయ్యగారి తీర్పు వినిపించింది. "మీటరేం పాడవలేదు. రోజు విడిచి రోజు గ్రైండరు, పొద్దున్నే మిక్సీ, బట్టలకి మిషను, మధ్యాహ్నం సీరియళ్లు. ఇంకెందుకు రాదు బిల్లు?"

మర్నాడు చూద్దును కదా, వదినగారు పెరట్లో మూలన పడున్న పాత రుబ్బురోలు కడుగుతున్నారు. యాభై అయిదేళ్ల మనిషి, పైగా నడుం నొప్పి. "ఏం చేస్తాం మరి, ఆయన అన్నదీ నిజమే కదా" అన్నారు.

నిజమేనా? ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి మొదలు. ఆ సాయంత్రం ఇద్దరం కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాం. లెక్క తేలేసరికి రెండు సంగతులు బయటపడ్డాయి. మీటరు తప్పేమీ లేదు. గ్రైండరు తప్పు అంతకంటే లేదు.

మెట్ల లెక్క

మన ఇళ్లకి కరెంటు ధర బియ్యం ధరలా ఒకటే రేటు కాదు. మెట్లు మెట్లుగా పెరుగుతుంది. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన పట్టిక చూడండి. మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 దాకా 3 రూపాయలు. 76 నుంచి 125 దాకా నాలుగున్నర. 126 నుంచి 225 దాకా 6 రూపాయలు. 226 నుంచి 400 దాకా 8 రూపాయల 75 పైసలు. 400 దాటితే 9 రూపాయల 75 పైసలు.

చాలామంది అనుకునేది ఏమిటంటే, 225 దాటితే మొత్తం యూనిట్లన్నిటికీ పెద్ద రేటు పడిపోతుందని. అలా కాదు. ఏ మెట్టు మీది యూనిట్లకి ఆ మెట్టు రేటే. ఇదివరకు వాడకాన్ని బట్టి ఇళ్లని మూడు గ్రూపులుగా చేసి వేరువేరు రేట్లు వేసేవారు. 2022లో ఆ గ్రూపులు తీసేశారు. అందుకే పాత భయం ఇంకా మనసులో ఉండిపోయింది.

ఇప్పుడు వదినగారి ముప్పై యూనిట్లు చూద్దాం. 220 నుంచి 225 దాకా అయిదు యూనిట్లు, ఆరేసి రూపాయల చొప్పున 30. మిగతా పాతిక యూనిట్లు 8.75 చొప్పున 218 రూపాయల 75 పైసలు. మొత్తం 248 రూపాయల 75 పైసలు. అదే ఇంట్లో నెల మొదట్లో వాడిన మొదటి ముప్పై యూనిట్ల ఖరీదెంత? 57 రూపాయలు! కరెంటు అదే, తీగ అదే, మీటరు అదే. మొదటి ముప్పై 57, ఆఖరి ముప్పై దాదాపు 250.

దీనివల్ల మనకి తెలిసేది ఒక్కటే. పొదుపంటే ఇల్లంతా చీకటి చేసుకోవడం కాదు. ఆ ఆఖరి ముప్పై, నలభై యూనిట్లు ఎక్కడినుంచి వస్తున్నాయో పట్టుకుంటే చాలు.

దొంగ ఎవరు, దొర ఎవరు?

వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. ఇంతకు మించి శాస్త్రం అక్కర్లేదు. వస్తువు వెనక ఉన్న వాట్ల అంకెని, అది నడిచే గంటలతో హెచ్చవేసి, వెయ్యితో భాగిస్తే యూనిట్లు వచ్చేస్తాయి.

వదినగారింట్లో నాలుగు సీలింగ్ ఫ్యాన్లు. పాత రకం, ఒక్కోటి 75 వాట్లు. వేసవిలో సగటున రోజుకి పదిహేను గంటలు తిరుగుతాయి. నెలకి 135 యూనిట్లు. పన్నెండేళ్ల నాటి ఫ్రిజ్ 45 యూనిట్ల దాకా తీస్తోంది. నీళ్ల మోటారు రోజుకో గంట వేస్తే 15. చోక్ ఉన్న పాత ట్యూబులైట్లు రెండు, ఒక్కోటి చోక్‌తో కలిపి 55 వాట్లు, వాటికి 16. నాలుగు ఎల్‌ఈడీ బల్బులకి కలిపి ఆరున్నర. టీవీకి ఏడున్నర. రోజూ పది నిమిషాల ఇస్త్రీకి 5.

ఇక అన్నయ్యగారు వేలెత్తి చూపిన ముద్దాయిలు. గ్రైండరు 150 వాట్లు. అరగంట రుబ్బితే యూనిట్‌లో పదమూడో వంతు. నెలంతా కలిపి ఒక్క యూనిట్. మిక్సీకి 3. చల్లనీళ్లతో ఉతికే మిషనుకి 4. మూడూ కలిపి 8 యూనిట్లు! 250లో ఎనిమిది. అంటే వంద రూపాయల్లో మూడు రూపాయలు. ఆ మూడు రూపాయల కోసం ఒక మనిషి నడుం వంచి రోలు దగ్గర కూర్చోబోయింది.

సీరియళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. రోజుకి అయిదు గంటలు టీవీ చూస్తే నెలకి ఏడున్నర యూనిట్లు. టీవీ కట్టేసినా దాని పక్కనే ఎర్ర లైటుతో మిణుకుమంటూ ఉండే సెట్‌టాప్ బాక్స్ ఇరవై నాలుగు గంటలూ పది వాట్లు తాగుతుంది. నెలకి 7 యూనిట్లు! టీవీ చూసినందుకు ఎంతో, చూడనందుకూ ఇంచుమించు అంతే. రిమోట్‌తో కట్టడం కట్టడం కాదు, గోడ స్విచ్చి కట్టాలి.

పిల్లల్ని "ఎప్పుడూ ఫోను ఛార్జింగేనా" అని కసురుకుంటాం. ఒక ఫోను నెలంతా రోజూ ఛార్జి చేసినా అర యూనిట్ అవదు. కసరాలంటే ఇంకేవైనా కారణాలు వెతుక్కోవాలి గానీ కరెంటు కాదు.

ఇంతకీ అసలు సంగతి ఇది. గిర్రున తిరిగి పెద్ద చప్పుడు చేసే వస్తువులు మన కంటికీ చెవికీ ఆనతాయి. కానీ అవి నిమిషాల్లో ఆగిపోతాయి. చప్పుడు లేకుండా గంటల తరబడి నడిచేవీ, వేడి పుట్టించేవీ, చల్లబరిచేవీ బిల్లు పెంచుతాయి. 2 కిలోవాట్ల గీజరు అరగంటకి ఒక యూనిట్. ఒకటిన్నర టన్నుల పాత రకం ఏసీ రాత్రి ఎనిమిది గంటలకి ఆరేడు యూనిట్లు సులువుగా తీసుకుంటుంది. నెలకి అదొక్కటే 200 అవుతుంది. అంటే ఇంట్లో ఏసీ పెట్టిన రోజునే మనం 8.75 మెట్టు మీద కాలు పెట్టినట్టు. వద్దని కాదు. ఉక్కలో పసిపిల్లలు, పెద్దవాళ్లు పడే బాధ తెలుసు. 24 లేదా 26 దగ్గర పెట్టుకుని, పైన ఫ్యాను సన్నగా వేసుకుంటే సరిపోతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే ఇంచుమించు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ మొదట 24 దగ్గరే తెరుచుకునేలా నిబంధన పెట్టారు కూడా.

మీటరు దీపం చెప్పే మాట

"ఈ లెక్కలు మాకేం తెలుస్తాయమ్మా" అనకండి. మీ గుమ్మం పక్కనే ఒక మాస్టారు ఉన్నాడు. ఈనాటి మీటర్లలో పాతకాలపు చక్రం లేదు. దాని బదులు చిన్న ఎర్రదీపం మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. మీటరు మీద ఇంగ్లీషులో 3200 అనే అంకె, దాని పక్కన ఇంప్ పర్ కిలోవాట్ అవర్ అని చాలావాటికి రాసి ఉంటుంది. ఆ దీపం 3,200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అయిందన్నమాట.

ఒక ఆదివారం ఇంట్లో అన్ని స్విచ్చులూ కట్టేయండి. ఫ్రిజ్ ప్లగ్గు కూడా కాసేపు తీయండి. ఇప్పుడు ఒక్క ఫ్యాను వేసి, గడియారం చూసి, ఒక నిమిషంలో దీపం ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. దాన్ని 19తో హెచ్చవేస్తే ఆ వస్తువు ఎన్ని వాట్లు తింటోందో ఇంచుమించుగా తెలుస్తుంది. నాలుగు సార్లు వెలిగితే 75 వాట్ల ఫ్యాను అన్నమాట. గీజరు వేసి చూడండి, నిమిషానికి వందసార్లు పైనే వెలుగుతుంది. పిల్లలకి ఇంతకు మించిన సైన్సు పాఠం ఉండదు. మీటరు మీది అంకె 3200 కాకుండా వేరేగా ఉంటే, 60,000ని ఆ అంకెతో భాగించి, వచ్చినదాన్ని 19 బదులు వాడుకోండి.

అన్నీ కట్టేసినా దీపం ఆగకుండా వెలుగుతూనే ఉంటే మాత్రం అశ్రద్ధ చేయకండి. గోడలో ఎక్కడో తీగ కరెంటు కారుస్తూ ఉండవచ్చు, లేదా మీ లైను నుంచి ఇంకెవరికో పోతూ ఉండవచ్చు. మీరు చేయి పెట్టొద్దు. తెలిసిన ఎలక్ట్రీషియన్ని పిలవండి. మీటరే తేడా అనిపిస్తే 1912కి ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

సాయంత్రం కరెంటుకి ఎందుకంత ప్రియం?

బిల్లులో కరెంటు ఛార్జీ ఒక్కటే ఉండదు. దాని కింద సర్దుబాటు ఛార్జీలని రెండు మూడు గీతలు ఉంటాయి. ఎక్కువమందికి కోపం తెప్పించేవి అవే. "ఎప్పుడో రెండేళ్ల కిందట వాడినదానికి ఇప్పుడు కట్టడమేటి?" అని అడగని ఇల్లాలు లేదు.

ఇవి ఎలా పుడతాయో తెలుసుకుందాం. మన జిల్లాలకి కరెంటు ఇచ్చే తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఏడాది మొదట్లో ఇంత ధరకి కరెంటు కొంటానని ఒక అంచనా చెబుతుంది. విద్యుత్ నియంత్రణ మండలి దాన్నిబట్టి రేట్లు ఖాయం చేస్తుంది. తరవాత బొగ్గు ధర పెరిగినా, ఎండలు మండి అనుకున్నదానికంటే ఎక్కువ కొనాల్సి వచ్చినా, ఆ తేడాని మన దగ్గర వసూలు చేస్తారు. 2023 ఏప్రిల్ నుంచి యూనిట్‌కి 40 పైసల దాకా నెలనెలా వేసుకునే వీలు వచ్చింది. అది చాలక 2022-23 సంవత్సరానికి 6 వేల కోట్ల రూపాయల పైన, 2023-24కి 9 వేల కోట్ల పైన రాష్ట్రమంతటా వసూలుకి 2024 చివర్లో మండలి ఆమోదం ఇచ్చింది. 2025లో మాత్రం అంచనా కంటే ఖర్చు తగ్గిందని, ఆ నవంబరు నుంచి ఏడాదిపాటు యూనిట్‌కి 13 పైసలు వెనక్కి ఇమ్మంది. అంటే పెరగడమే కాదు, తగ్గడమూ ఉంటుంది. బిల్లులో ఆ గీత ఉందో లేదో చూసుకోవడం మన వంతు.

ఈ కొనుగోళ్లలో అన్నిటికంటే ప్రియమైనది సాయంత్రం కరెంటు. పగలంతా సూర్యుడి కరెంటు పుష్కలంగా వస్తుంది. పొద్దు వాలేసరికి అది ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు, టీవీలు, వీధి దీపాలు అన్నీ ఒక్కసారి మొదలవుతాయి. చాలని కరెంటుని సంస్థలు ఎక్స్ఛేంజీలో కొంటాయి. అక్కడ యూనిట్‌కి 10 రూపాయలు మించరాదని 2023లో పరిమితి పెట్టారు. వేసవి సాయంత్రాల్లో ధర ఆ పది దాకా ఎగబాకిన రోజులున్నాయి. మన ఇంటి ఆఖరి ముప్పై యూనిట్లలాగే, ఊరుమ్మడి కరెంటుకీ ఆఖరి యూనిట్లే ప్రియం.

అందుకే మోటారు, ఇస్త్రీ, బట్టల మిషను, పిండి రుబ్బడం లాంటివి వీలైతే పగటి పూట పెట్టుకోమనేది. దీనివల్ల ఈ నెల మన బిల్లులో పైసా తగ్గదు, ఇళ్లకి పగలు రాత్రి రేటు ఒకటే కాబట్టి. కానీ వేల ఇళ్లు అలా చేస్తే ఆ సాయంత్రం కొనుగోళ్లు తగ్గుతాయి, తరవాత వచ్చే సర్దుబాటు బరువూ కొంత తగ్గుతుంది. ఉద్యోగాలకి వెళ్లే ఆడవాళ్లకి ఇది కుదరకపోవచ్చు. కుదరలేదని బాధపడక్కర్లేదు.

ఆ కరెంటు ఎక్కడ పుడుతోంది?

మన ఉత్తరాంధ్ర వాళ్లకి కరెంటు ఎక్కడినుంచో ఊడిపడేది కాదు. కొండల్లో, సముద్రపు ఒడ్డున, మన కళ్ల ముందే పుడుతోంది. ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. ఆ నీటి కింద ఎన్నో గిరిజన ఊళ్లు పోయాయి. మనం మైదానంలో దీపం వెలిగించుకున్నాం. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం 2002 నుంచి నడుస్తోంది, ఒడిశా తాల్చేరు బొగ్గుతో. ఒక యూనిట్ కరెంటుకి మన దేశపు బొగ్గు ఇంచుమించు 700 గ్రాములు కాలాలి. అందులో దాదాపు మూడో వంతు బూడిదే. వదినగారి ముప్పై యూనిట్లంటే ఇరవై కిలోల బొగ్గు, ఏడు కిలోల బూడిద.

ఇక శ్రీకాకుళం జిల్లా కథ వేరే చెప్పాలా? సోంపేట బీలలో 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం కడతామన్నారు. బీల అంటే తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. వాననీరు నిలిచే పల్లపు నేల. చేపలు, తుంగ, పశువుల మేత, పక్కనున్న పొలాలకి తడి, అన్నీ దానివే. ఆ నేల పోతే బతుకే పోతుందని ఊళ్లకి ఊళ్లు లేచాయి. ముందు వరసలో ఆడవాళ్లే నిలబడ్డారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. తరవాత ఏడాది 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. అక్కడా తంపర నేలల కోసమే పోరాటం. ఆ కేంద్రం పనులు మధ్యలోనే నిలిచిపోయాయి. రణస్థలం మండలం కొవ్వాడలో ఆరు అణు రియాక్టర్ల ప్రతిపాదన ఏళ్ల తరబడి ఆ మత్స్యకార పల్లెల మీద వేలాడుతూనే ఉంది.

అప్పట్లో ఆ ఆడవాళ్లని పట్టణాల్లో కొందరు ఎత్తిపొడిచేవారు. "కరెంటు కావాలంటారు, కేంద్రం వద్దంటారు. ఇదేం న్యాయం?" అని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది బీల ఒడ్డున రెండు ఫ్యాన్లు, మూడు దీపాలతో బతికే ఇల్లాలు కాదు. ఎక్కువ వాడే చోట ఉన్నవాళ్లు చెప్పాలి. ఎంత కరెంటు నిజంగా అవసరం, ఎంత వృథా, కొత్త కేంద్రం కట్టడానికి ముందు ఆ వృథాని ఎంత తగ్గించవచ్చు అన్నది లెక్క చూసి మాట్లాడవలసిన సంగతి. లెక్క తెలిసినవాళ్లని ఎత్తిపొడవడం అంత సులువు కాదు.

అయితే అంతా ఇల్లాలి మీదికే తోసేయడమూ అన్యాయమే. విజయనగరం జిల్లాలో గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారాలున్నాయి. అక్కడ ఒక్క టన్ను సరుకు తీయడానికి మూడు నాలుగు వేల యూనిట్లు కావాలి. మన వదినగారి ఇల్లు ఏడాదంతా వాడేది మూడు వేలు. ఆ కొలుముల మీద వేలమంది కూలీల అన్నం ఆధారపడి ఉంది కాబట్టి మూసేయమనం. కానీ పొదుపు పాఠం ఆడవాళ్ల పేజీలోనే మొదలై ఆడవాళ్ల పేజీలోనే ముగిసిపోకూడదు. ఫ్యాక్టరీలకి, ఆఫీసులకి, పగలు కూడా వెలిగే వీధి దీపాలకి కూడా అదే పాఠం చెప్పాలి. రేట్లు ఖాయం చేసే ముందు నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతుంది. అందులో ఎవరైనా మాట్లాడవచ్చు, కాగితం మీద రాసి పంపవచ్చు. స్వయం సహాయక సంఘాల సమావేశాల్లో పొదుపు ఖాతాల లెక్కలు చూసే మనకి ఈ లెక్కలేం కష్టం?

నాలుగో సిలిండరు

వంటింటి ఇంధనం సంగతీ ఇంతే. 1999లో దీపం పథకం వచ్చి, పొదుపు సంఘాల ఆడవాళ్ల చేతికి గ్యాసు అందాకే మన పల్లెల్లో ఎందరికో కట్టెల పొగ తప్పింది. 2024 నవంబరు 1న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలోనే దీపం-2 మొదలుపెట్టారు. అర్హులైన కుటుంబాలకి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. చాలా ఇళ్లకి మూడుతో ఏడాది గడవదు. నాలుగోది మన చేతి డబ్బు. ఇక్కడా ఆఖరిదే ప్రియం!

పప్పు, శనగలు ముందే నానబెట్టడం, గిన్నె మీద మూత, కుక్కరు వాడకం, ఇవన్నీ మన అమ్మమ్మలకీ తెలుసు. తెలియనిది ఒకటి చెబుతాను. నీళ్లు ఒకసారి తెర్లడం మొదలెట్టాక మంట ఎంత పెంచినా వాటి వేడి పెరగదు. ఆవిరి మాత్రం పెరుగుతుంది. తెర్లగానే మంట తగ్గించండి. అన్నం అదే సమయానికి ఉడుకుతుంది, గ్యాసు మిగులుతుంది. స్నానానికి ఒక బకెట్ నీళ్లు కాచుకోవాలంటే గీజరులో అర యూనిట్, గ్యాసు మీద 60 గ్రాముల దాకా ఖర్చు. ఎండలో గంగాళం పెట్టి పసిపిల్లల స్నానానికి నీళ్లు వెచ్చబెట్టుకున్న పెద్దవాళ్లకి రెండూ ఖర్చు కాలేదు.

సూర్యనారాయణుడి వాటా

అరసవల్లి స్వామి పాదాల మీద ఏడాదికి రెండుసార్లు, మార్చిలోను అక్టోబరులోను, లేత కిరణాలు పడతాయని చూడటానికి వెళతాం. మన డాబాల మీద ఏడాదంతా పడుతున్న కిరణాల సంగతి ఇప్పుడిప్పుడే ఆలోచిస్తున్నాం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల పలకలకి 60 వేల రూపాయలు, 3 కిలోవాట్లకి 78 వేల రూపాయలు కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. ఒక కిలోవాట్ పలక ఎండ రోజున నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. సొంత డాబా, నీడ పడని చోటు ఉన్నవాళ్లు తప్పకుండా లెక్క వేసుకోదగ్గదే. అద్దె ఇళ్లవాళ్లకి ఈ దారి లేదు. వాళ్లకి మీటరు దీపమే దిక్కు.

ఒక హెచ్చరిక కూడా. మామూలు పద్ధతిలో బిగించిన పలకలు ఊళ్లో కరెంటు పోతే తామూ ఆగిపోతాయి. బ్యాటరీ ఉంటేనే చీకట్లో పనికొస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మనకి చూపించిన చీకటి మరిచిపోలేం కదా. తిత్లీ తరవాత ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి స్తంభాలు నేలమీదే ఉన్నాయి. మోటారు లేక నీళ్లు లేవు, నీళ్లు లేక వంట లేదు. కరెంటు విలువ ఆ రోజుల్లో తెలిసినంతగా ఏ బిల్లూ చెప్పలేదు. తొలిసారి దీపం వెలిగినప్పుడు ఈలలు వేసిన పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు.

ఎవరి ఒంటి మీద పొదుపు?

మళ్లీ మన వదినగారి దగ్గరికి వద్దాం. ఇంట్లో పొదుపు అనగానే మొదట ఎవరి సుఖం మీద వేటు పడుతుందో గమనించండి. వంటింట్లో ఫ్యాను ఉండదు. "మంట ఆరిపోతుంది" అంటారు. ఏసీ ఉంటే మగపిల్లాడు చదువుకునే గదిలో. గ్రైండరు మానమంటారు, మిషను మానమంటారు. అంటే ఆడదాని చాకిరీ తగ్గించే వస్తువుల్నే మొదట తప్పుపడతారు. లెక్క చూస్తే వాటి వాటా వందలో మూడు. ఆ మూడు తగ్గించి ఆవిడ గంటన్నర చాకిరీ పెంచడం పొదుపు కాదు. ఖర్చుని కరెంటు ఖాతాలోంచి తీసి ఆవిడ నడుం ఖాతాలో రాయడం. ఆ బిల్లు తరవాత ఆస్పత్రిలో కట్టాల్సి వస్తుంది.

మరి 250ని ఎలా దించాం? ఎక్కువ తిరిగే రెండు ఫ్యాన్లు మార్చి 30 వాట్ల కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టారు. నెలకి 40 యూనిట్లు తగ్గాయి. ఒక్కోటి మూడు వేల రూపాయల దాకా అయింది, రెండు మూడేళ్లలో తిరిగి వచ్చేస్తుంది. రెండు ట్యూబులైట్లు తీసి 20 వాట్ల ఎల్‌ఈడీవి పెడితే 10 యూనిట్లు. 2014-15లో పది రూపాయల ఎల్‌ఈడీ బల్బులు మన రాష్ట్రంలో మొదటి విడతలోనే శ్రీకాకుళం జిల్లాకి వచ్చాయి, బల్బులు మార్చుకున్నాం. ట్యూబులైట్లు మాత్రం చాలా ఇళ్లలో అలాగే ఉండిపోయాయి. సెట్‌టాప్ బాక్స్ గోడ స్విచ్చి కట్టడంతో 5. ట్యాంకు నిండి కారిపోకుండా మోటారు వేళకి కట్టేయడంతో ఇంకో 5. మొత్తం 60. 190 యూనిట్లకి కరెంటు ఛార్జీ 807 రూపాయలు. నెలకి 428 రూపాయలు తగ్గింది. గ్రైండరు తిరుగుతూనే ఉంది. సీరియళ్లూ నడుస్తూనే ఉన్నాయి.

ఈ నెలే చేయదగ్గవి

బిల్లులో కిందటి రీడింగు తేదీ, ఈసారి తేదీ చూసి మధ్య ఎన్ని రోజులో లెక్కపెట్టండి. నెలలో ఇరవయ్యో రోజున మీటరు ఒకసారి చూసి ఏ మెట్టు మీద ఉన్నారో తెలుసుకోండి. ఫ్రిజ్‌ని గోడకి జానెడు దూరం జరిపి, తలుపు రబ్బరులో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా ఊడి వస్తే రబ్బరు మార్చాలి. డబ్బాలాంటి పాత ఫ్యాను రెగ్యులేటరు ఉంటే తీసేసి ఎలక్ట్రానిక్‌ది పెట్టించండి. కొత్త వస్తువు కొనేటప్పుడు నక్షత్రాలతో పాటు, ఫ్రిజ్, ఏసీ లాంటివాటి చీటీ మీద రాసిన ఏడాది యూనిట్ల అంకె చదవండి. బేరం చేసే ముందు ఆ అంకె అడగండి.

రుబ్బురోలు మళ్లీ పెరటి మూలకే వెళ్లింది. అన్నయ్యగారు ఇప్పుడు రోజూ సాయంత్రం వాకిట్లో నిలబడి మీటరు దీపం లెక్కపెడుతున్నారు. మొన్న రాత్రి లోపలినుంచి వదినగారి గొంతు వినిపించింది.

"ఏటండీ, హాల్లో ఎవరూ లేరు. ఆ ఫ్యాను ఎవరికోసం తిరుగుతోంది?"

ఈసారి జవాబు రాలేదు. స్విచ్చి కట్టిన చప్పుడు మాత్రం వినిపించింది.